కోత పండుగ కానుక తెల్లారేదాకా గుడిలో ఉందా? అయితే అది కృతజ్ఞత కాదు!

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. కోత పండుగ రోజు, అంటే పంట చేతికొచ్చాక మన చర్చిల్లో చేసుకునే పండుగ రోజు, గుడికొచ్చిన కృతజ్ఞతార్పణలో ఒక్క గింజ గానీ, ఒక్క కోడి గానీ, ఒక్క రూపాయి గానీ మర్నాడు తెల్లారేసరికి గుడిలో మిగలకూడదు. మిగిలిందా, దాన్ని కృతజ్ఞతార్పణ అనకండి, నిల్వ సరుకు అనండి. కోపమొచ్చినవాళ్ళు వీడియో ఆపకండి. కోపం అలాగే ఉంచుకుని చివరిదాకా వినండి.

గొడవ మీకు తెలిసిందే. పంట ఇంటికొచ్చే కాలం రాగానే ఏటా ఇదే తగాదా: కోత పండుగలో వచ్చిన కానుకలకి వేలంపాట పెట్టొచ్చా, పెట్టకూడదా? ప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోశాడు కదా అని ఒక వర్గం. మా తాతలనాటి నుంచీ ఉంది, ఆ పాట లేకపోతే గుడి గోడలు లేచేవా అని ఇంకో వర్గం. గుమ్మడికాయ ఎత్తి చూపిస్తూ "ఐదు వేలు ఒకటోసారి, ఐదు వేలు రెండోసారి" అనే వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంది, దాని కింద రెండు వర్గాలూ చొక్కాలు పట్టుకుంటాయి. అయ్యా, మీరిద్దరూ కొట్టుకుంటున్న చోటే తప్పు! గుమ్మడికాయ ఎంతకు పోయిందని అడుగుతున్నారు గానీ, ఆ రాత్రి అది ఎవరింట్లో ఉడికిందని ఒక్కరూ అడగరేం? ఆ ఐదు వేలు ఏ చేతిలో పడ్డాయో అడగరేం?

లేవీయకాండం 7వ అధ్యాయం తీయండి. 12వ వచనం నుంచి చదవండి. కృతజ్ఞత కోసం సమాధానబలి తెచ్చేవాడు పశువుతో పాటు పులియని పిండివంటలూ తేవాలి, పులిసిన రొట్టెలూ తేవాలి. ప్రతి దాంట్లో ఒకటి యాజకుడికి. పశువు కొవ్వు బలిపీఠానికి, రొమ్మూ కుడి తొడా యాజకులకి. మిగిలినదంతా తెచ్చినవాడికే తిరిగొస్తుంది, తినడానికి. ఇప్పుడు 15వ వచనం చూడండి. ఆ మాంసం ఆ రోజే తినేయాలి, మర్నాటికి ఏమీ ఉంచకూడదు. వెంటనే 16వ వచనం: మొక్కుబడి బలి అయితే, స్వేచ్ఛార్పణ అయితే, మర్నాడు కూడా తినొచ్చు. చూశారా తేడా? మొక్కుకి రెండు రోజుల గడువు ఉంది. కృతజ్ఞతకి ఆ గడువు లేదు. ఎందుకు లేదు?

నా మాట నేను చెప్తాను, ఒప్పుకోనివాళ్ళు వాదించండి. ఒక కోడెదూడను ఒక ఇల్లు ఒక్క పూటలో తినగలదా? మొగుడూ పెళ్ళాం, నలుగురు పిల్లలు, ఓ ముసలమ్మ. చచ్చినా తినలేరు. మర్నాటికి ఉంచడానికి వీల్లేదు. మరేం చెయ్యాలి? వీధిలోకెళ్ళి పిలవాలి! పక్కింటివాణ్ణి, పొలంలో కూలీని, దిక్కులేనివాణ్ణి, పరదేశిని. అంటే దేవుడు "పంచు" అని ఉపదేశం చెయ్యలేదు. పంచకుండా తప్పించుకోలేని గడువు పెట్టాడు. 22వ కీర్తన చూడండి. "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అని మొదలవుతుంది. విడుదల పొందినవాడు సమాజం మధ్యలో స్తుతి చెల్లిస్తానంటాడు. వెంటనే 26వ వచనంలో ఏముంది? దీనులు భోజనం చేసి తృప్తి పొందుతారు అని ఉంది. స్తుతి పక్కనే అన్నం. ఒకడి కృతజ్ఞత ఇంకొకడి పళ్ళెంలో కనిపించాలి. మన దగ్గర ఎక్కడ కనిపిస్తోంది? పాస్‌బుక్‌లో!

గుడి కట్టొద్దా, స్లాబు వెయ్యొద్దా అని అడుగుతారు. వెయ్యండి. దానికి వేరే కానుక పట్టండి, వేరే రసీదు పుస్తకం పెట్టండి. స్లాబు నిధికి స్లాబు నిధి అనే పేరు పెట్టండి. కోత పండుగ సంచిలో చెయ్యి పెట్టొద్దు.

ఇప్పుడు పనిలోకొద్దాం. తెల్లారేసరికి ఖాళీ అయ్యే కోత పండుగ ఎలా చెయ్యాలి?

పండుగకి మూడు వారాల ముందే జాబితా రాయాలి. ఎవరు రాయాలి? కమిటీ మగవాళ్ళు కాదు, స్త్రీల సమాజం రాయాలి. ఏ ఇంట్లో పొయ్యి రెండు పూటలా వెలుగుతోందో, ఏ ఇంట్లో ఒక పూటే వెలుగుతోందో వాళ్ళకే తెలుసు. అపొస్తలుల కార్యాలు 6లో గొడవ ఎక్కడ మొదలైంది? గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళు రోజువారీ పంపకంలో తప్పిపోయారు. అక్కడ అన్నం లేక కాదు, జాబితాలో పేరు లేక! పంపకం చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పరచింది ఆ తప్పు దిద్దడానికే. మన సంఘాల్లో జాబితా నుంచి తప్పిపోయేది ఎవరో చెప్పనా? పట్నం నుంచి కోడలితో గొడవపడి ఊరికొచ్చేసిన ముసలాయన. డయాలసిస్‌కి తిరిగే ఇల్లు. మొగుడు బతికే ఉన్నాడు గానీ తాగుడికి అంకితమైపోయిన ఇల్లు. ఆవిడ విధవరాలు కాదు కాబట్టి ఏ జాబితాలోనూ ఎక్కదు. ఈ ముగ్గురినీ ముందు రాయండి.

ఆ పేర్లు మైకులో చదవొద్దు! బ్రతిమాలి చెప్తున్నాను. పేదవాణ్ణి స్టేజీ ఎక్కించి, సంచి చేతికిచ్చి, ఫొటో తీసి స్టేటస్ పెట్టడం కృతజ్ఞత ఎలా అవుతుంది? దానికి తేలికైన దారి ఉంది. పండుగనాడు ప్రతి ఇంటికీ ఒకే రకం గుడ్డ సంచి ఇవ్వండి. డాక్టర్ గారింటికీ అదే, కూలి ఇంటికీ అదే. అందరి సంచిలో ఓ కొబ్బరికాయో, రెండు అరటిపళ్ళో ఉంటాయి. జాబితాలో ఉన్న ఇళ్ళ సంచిలో బియ్యం, పప్పు, కవరు ఉంటాయి. సంచి పట్టుకుని ఇంటికెళ్ళేటప్పుడు ఎవరిది ఏంటో బయటికి తెలియదు.

వేలంపాట ఉన్న సంఘాలు వినండి. పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ మూడు చోట్ల కుళ్ళిపోతోంది. మొదటిది, పాట పాడినవాడు ఆ వేడిలో పదివేలు అనేస్తాడు, ఇంటికెళ్ళాక చెల్లించడు. అది బాకీ అవుతుంది. మరుసటి ఏడు అందరి ముందు అతని పేరు చదువుతారు. దాంతో ఆ ఇల్లు గుడికి రావడం మానేస్తుంది. ఒక కోడి ఒక కుటుంబాన్ని గుడి నుంచి తరిమేసింది! పాట పాడిన చేతిలో డబ్బుంటేనే పాట, లేకపోతే తర్వాతి వాడికి. రెండోది, కొన్న వస్తువుని తిరిగి గుడికిచ్చి మళ్ళీ పాట పెట్టడం. అదే కోడి మూడుసార్లు అమ్ముడవుతుంది, చూడ్డానికి ఉత్సాహంగానే ఉంటుంది, కానీ అది అప్పటికే ఏ కూరలోనో ఉండాలి. ఒక్కసారే పాట. మూడోది లెక్క. ముగ్గురు లెక్కపెట్టాలి, ఆ ముగ్గురూ ఒక ఇంటివాళ్ళు కాకూడదు, పాస్టర్ గారు లెక్కపెట్టకూడదు. పౌలంతటివాడు, కానుక మోసుకెళ్ళేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకూడదని పక్కన మనుషుల్ని పెట్టుకున్నాడు. 2 కొరింథీ 8, 20వ వచనం. మన అయ్యగార్లు పౌలు కన్నా గొప్పవాళ్ళా?

ఆ డబ్బు సాయంత్రం ఆరులోపు కవర్లలోకి వెళ్ళిపోవాలి. ఎవరికి ఎంత అనేది ముందే వంతులుగా రాసిపెట్టుకోవాలి, ఎంత వచ్చినా ఆ వంతున పంచేయడమే. లేకపోతే ఆ రాత్రి కూర్చుని వాదించుకుంటారు, తెల్లారుతుంది, డబ్బు బ్యాంకుకెళ్తుంది.

కోళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. రెండు కాళ్ళూ తాడుతో కట్టి, తలకిందులుగా పట్టుకొచ్చి, బల్ల ముందు నేలమీద పడేస్తారు. ఆరాధన మూడు గంటలు. నోరు తెరుచుకుని రొప్పుతూ పడి ఉంటుంది. నీళ్ళుండవు. పాట టైముకి మెడ వాలిపోతుంది. దేవుడిచ్చిన ప్రాణిని దేవుడికి కృతజ్ఞత చెప్తూనే చంపుతామా? నీడలో గంప కింద పెట్టండి, చిన్న మూకుడులో నీళ్ళు పెట్టండి. ఆ పని సండే స్కూల్ పిల్లలకి అప్పగించండి, ప్రాణం పోయినా వదలరు.

విందు. కృతజ్ఞతార్పణ ఆ రోజే తినాలంటే విందు తప్పదు. మామూలు భోజనానికి వంద మందికి పదమూడు కిలోల బియ్యం, నాలుగు కిలోల కందిపప్పు పెట్టుకోండి. మాంసం ఉంటే పప్పు తగ్గించండి. వచ్చిన కూరగాయలన్నీ కలిపి ముక్కల పులుసు పెట్టేయండి, గుమ్మడికాయ అందులోకే. వంట ఎక్కడా చెడదు, వడ్డనలో చెడుతుంది. పెద్దలకీ, పిలిచిన ప్రసంగీకుడికీ లోపలి గదిలో కుర్చీలు, స్టీలు పళ్ళేలు, లెగ్ పీసులు. బయట ఎండలో వరసలో ముసలమ్మలు. అయ్యా! కొరింథులో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. ఆ మాట మనం ప్రభు బల్ల దగ్గర చదువుకుని, బయటికొచ్చి అదే చేస్తున్నాం. మొదటి పంక్తిలో కూర్చోవాల్సింది జాబితాలో ఉన్నవాళ్ళు. పాస్టర్ గారు వడ్డించాలి. కమిటీ ఆఖరి పంక్తిలో తినాలి. అన్నం తక్కువ పడితే తక్కువ పడేది కమిటీకే కావాలి. అప్పుడు చూడండి, వచ్చే ఏడు లెక్క ఎంత కరెక్టుగా వేస్తారో.

సరే, కోత పండుగ ఏడాదికొక్కసారి. మిగతా రోజులు?

పిడికెడు బియ్యం! ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడం. దోర్నకల్ ప్రాంతంలో అజరయ్య బిషప్ గారి కాలంలో కూలి చేసుకుని బతికే ఆడవాళ్ళు చేసిన పని ఇది. ఆయన 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొందిన బిషప్, ఆంగ్లికన్ సంఘాల్లో మొదటి భారతీయ బిషప్. ఆయన సంఘం ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల జనం. తమకే చాలని గింజల్లోంచి తీశారు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ ఆపలేదు. వాళ్ళు ఆ బియ్యం అమ్మి పరిచర్యకి వాడతారు. వాళ్ళ నమ్మకత్వానికి చేతులెత్తి దండం పెడతాను. అయినా నేను అమ్మొద్దంటున్నాను. ఆ గింజ గింజగానే ఇంకో పొయ్యిమీదికి వెళ్ళాలి.

లెక్క చూడండి. ఆడమనిషి మూసిన పిడికిలిలో 35 నుంచి 40 గ్రాముల బియ్యం పడతాయి. రోజుకి రెండు పూటలు, వారానికి పద్నాలుగు పిడికిళ్ళు. దగ్గర దగ్గర అరకిలో. యాభై ఇళ్ళు వేస్తే పాతిక కిలోలు, అంటే ఒక బస్తా. వారం వారం ఒక బస్తా! ఇంటికి ఐదు కిలోల చొప్పున ఐదు ఇళ్ళకి. యాభై ఇళ్ళలో ఎవరికీ లోటు తెలియదు. ఐదు ఇళ్ళలో తెలుస్తుంది.

మరి ఇంత మంచి పని చాలా సంఘాల్లో ఎందుకు ఆగిపోయింది? బద్ధకం వల్ల కాదంటాను నేను. నెలకోసారి పోగుచెయ్యడం వల్ల ఆగిపోయింది. నెలాఖరున డ్రమ్ములో పోస్తారు, కమిటీ కూర్చునేదాకా ఉంచుతారు, మూత తీసేసరికి ముక్క పురుగు. ఈ పురుగు ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. ఆడపురుగు గింజకి సన్నటి బెజ్జం పెడుతుంది, అందులో ఒక గుడ్డు పెడుతుంది, జిగురుతో ఆ బెజ్జం మూసేస్తుంది. చేటలో చెరిగినా మీకేం కనపడదు, గింజ తెల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల పిల్ల గింజని తింటూ పెరుగుతుంది. మన ఎండలకి నెల, నెలా ఐదు రోజులు, అంతే, గింజని తొలుచుకుని బయటికొస్తుంది. అంటే ఒక్క ఇంటి డబ్బాలోంచి గుడ్లు వస్తే చాలు, నలభై తొమ్మిది ఇళ్ళ బియ్యం ముక్కిపోతాయి. ముక్కిన బియ్యం తీసుకున్న విధవరాలికి ఏమనిపిస్తుంది? గుడివాళ్ళు పారేసేది నాకిచ్చారు అనిపిస్తుంది. ఇచ్చినామెకి ఏమనిపిస్తుంది? నేనిచ్చింది పురుగుల పాలైంది అనిపిస్తుంది. ఇద్దరూ ఆగిపోతారు.

నిర్గమకాండం 16లో మన్నాని పొద్దుటిదాకా ఉంచినవాళ్ళకి ఏమైంది? పురుగు పట్టి కంపు కొట్టింది. మళ్ళీ అదే గడువు! దేవుడు ఇన్నిసార్లు చెప్పినా మనం మళ్ళీ డ్రమ్ము కొంటున్నాం.

కాబట్టి వారం దాటనివ్వొద్దు. శనివారం సాయంత్రం వీధికొక అక్కయ్య ఇల్లిల్లూ తిరిగి పోగుచెయ్యాలి, ఆదివారం సాయంత్రానికి పంచేయాలి. రెండు సంచులు పట్టుకెళ్ళండి, సన్నబియ్యానికి ఒకటి, దొడ్డుబియ్యానికి ఒకటి. కలిపేస్తే వండేటప్పుడు ఒకటి మెత్తబడిపోతుంది, ఇంకొకటి పలుకుగా ఉండిపోతుంది. తడి చేత్తో తియ్యొద్దు, బూజు వాసన వస్తుంది. పాత బియ్యంలో తుట్టె కట్టి ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టి కోళ్ళకెయ్యండి, మొహమాటపడి సంచిలో పొయ్యొద్దు. పురుగు కనపడిందని మిట్టమధ్యాహ్నం ఎండలో పోస్తారు కొందరు, గింజ పగిలి నూకలవుతుంది. నీడలో ఆరబోసి జల్లెడ పట్టండి.

రేషన్ బియ్యం సంగతి. కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలితే "ప్లాస్టిక్ బియ్యం కలిపారు" అని ఏరి పారేస్తారు. పారేయకండమ్మా! అవి పోషకాలు కలిపి చేసిన గింజలు, వందకి ఒకటి చొప్పున కలిపినవి. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉంటాయి. రక్తం లేక కళ్ళు తిరిగి పడిపోయే ఆడపిల్లలున్న ఇంట్లో అసలు సరుకు పారబోసి పిప్పి తిన్నట్టవుతుంది. ఈ ఒక్క మాట స్త్రీల సమాజం కూడికలో చెప్పండి చాలు.

ఇంకో తప్పు ఉంది, ఇది పురుగు కన్నా చెడ్డది. గుడికి రాని ఇంటికి బియ్యం ఆపేయడం. "రెండు ఆదివారాలు రాలేదు, తీసెయ్యండి పేరు." దీనికి ఒంగోలు చరిత్ర జవాబు చెప్తుంది. ధాత కరువు, 1876 నుంచి 78. జనం ఎముకల గూళ్ళైపోయారు. బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పనిచ్చాడు, కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్ళకి ఇవ్వలేదు! అన్నం కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలని కరువు సాయం నడిచినంతకాలం ఆపేశాడు. సాయం ఆగాక, ఇక దొరికేది ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యానికీ హాజరుకీ ముడిపెట్టే కమిటీ సభ్యులూ, ఆ అంకె మీ గుడి తలుపు మీద రాసుకోండి. ముడి విప్పేస్తేనే వచ్చారు.

ఇక నిరీక్షణ. దీని మీదే నాకు ఎక్కువ బాధ ఉంది. సాక్ష్యాల టైము చూడండి. వీసా వచ్చిందని ఒకరు, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిందని ఒకరు, సీటొచ్చిందని ఒకరు. మంచిదే, సంతోషం. వెంటనే ఏం జరుగుతుంది? "ఈ సహోదరుడు విత్తనం విత్తాడు, కోసుకున్నాడు, మీరూ విత్తండి" అంటూ కానుక సంచి తిరుగుతుంది. వెనక వరసలో కూర్చున్న తల్లి కొడుకు రిపోర్టు చేతిలో పెట్టుకుని ఉంది. ఆమెకి ఏమని వినపడింది? నువ్వు తక్కువ వేశావు కాబట్టే నీ కొడుక్కి తగ్గలేదు అని వినపడింది! దేవుడి పేరు మీద ఆమె గుండెల మీద బండ పెట్టాం.

దీనికి మందు చాలా చిన్నది. ఆరాధన క్రమం మార్చండి. కానుక ముందు పట్టేయండి, సాక్ష్యాలు తర్వాత పెట్టండి. అంతే. సంచి తిరిగిపోయాక ఎవడూ సాక్ష్యాన్ని అమ్ముకోలేడు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. రూపాయల అంకె చెప్పకూడదు. ఇంకొకరి జబ్బు పేరు చెప్పకూడదు. జబ్బు, కాపురం, అప్పు గురించి మాట్లాడేటప్పుడు లైవ్ ఆపేయాలి. సంబంధాలు చూసేవాళ్ళూ వడ్డీవాళ్ళూ యూట్యూబ్ చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి మైకు ఇంకా జవాబు రానివాళ్ళకి ఇవ్వండి. "తగ్గలేదు, అయినా వచ్చాను" అని చెప్పేవాళ్ళకి. హబక్కూకు చివరి అధ్యాయంలో అంజూరపు చెట్టు పూయలేదు, ద్రాక్షచెట్టు కాయలేదు, చేను పండలేదు, సాలలో పశువు లేదు, అయినా యెహోవాయందు ఆనందిస్తానన్నాడు. కోత లేని కోత పండుగ అది! ఆ వచనాన్ని పంట పోయిన కౌలురైతు చదవాలి, పంట పండిన ఆసామి వినాలి. అలా మాట్లాడినామెకి ఉపదేశం చెయ్యొద్దు, "విశ్వాసం పెంచుకో అమ్మా" అనొద్దు. పక్కన ఇద్దరు నిలబడి ప్రార్థన చెయ్యండి, సోమవారం ఒకరు ఆస్పత్రికి తోడెళ్ళండి. ఎవరు వెళ్తారో అక్కడే పేరు రాసుకోండి.

ఈ ఏడు మీ సంఘం కోత పండుగ లెక్క నోటీసు బోర్డు మీద పెట్టమని కమిటీని అడగండి. వచ్చింది ఎంత, పంచింది ఎంత, ఎన్ని ఇళ్ళకి. ఇళ్ళ సంఖ్య చాలు, పేర్లు వద్దు. ఆఖరి గీత దగ్గర "మిగులు: సున్నా" అని రాసిన సంఘం ఏదైనా ఉంటే ఊరి పేరు కామెంట్లో పెట్టండి. వేలంపాట ఉన్న సంఘమైనా సరే, లేని సంఘమైనా సరే, ఆ లెక్క పత్రం పట్టుకుని వచ్చే వీడియో చేస్తాను. మిగులు ఎందుకు ఉండాలో వాదించే ట్రెజరర్లు ఉంటే వాళ్ళూ రాయండి. లేవీయకాండం 7:15 పక్కన పెట్టుకుని రాయండి.